బాలాపూర్ రోహింగ్యాల కోర్టు కేసుకు చందా అడిగారు. ఇవ్వవచ్చా?

లెక్కల_పంతులమ్మ
హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. నా తరగతిలో నలుగురు రోహింగ్యా పిల్లలున్నారు, మయన్మార్ (బర్మా) నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాల వాళ్లు. అందులో ఒకడికి పదిహేడో ఎక్కం తెలుగులోనే వస్తుంది, ఉర్దూలో అడిగితే తడబడతాడు. పోయిన వారం వాడి తండ్రి బడి వదిలే వేళకు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. సుప్రీంకోర్టులో తమవాళ్ల కేసు నడుస్తోందని, అందులో తమ బస్తీ తరఫున ఒక దరఖాస్తు వేయాలనుకుంటున్నామని, ఇంటికి ఐదు వందల చొప్పున పోగుచేస్తున్నామని చెప్పాడు. "మేడం, మీకు వీలైతే" అని ఆగిపోయాడు. నోరు తెరిచి అడగడానికి ఎంత సిగ్గుపడ్డాడో చూశాక వెంటనే కాదనలేకపోయాను. ఆలోచించి చెబుతానన్నాను.

ఇంట్లో చెబితే మా బావగారు గయ్యిమన్నారు. ఇది దేశద్రోహమట, రేపు పోలీసులు మన గడప తొక్కుతారట. మా ఆయన పేపరు తిప్పుతూ కూర్చున్నారు, అటు పలకలేదు ఇటు పలకలేదు.

నాకు మూడు సంగతులు తెలియాలి. ఇలా డబ్బు ఇవ్వడం చట్టప్రకారం తప్పా? ఇస్తే అది నిజంగా ఉపయోగపడుతుందా? 2017 నుంచి ఆ కేసు నడుస్తోందంటున్నారు, ఇన్నేళ్లలో వాళ్లకు ఒరిగిందేమిటి? వాళ్లు ఇక్కడ ఉండాలా వద్దా అన్నది నేను అడగడం లేదు, దయచేసి అటు పోకండి.

గుంటూరు_ఘాటు
అటు పోకండి అన్నారు కదా, ఇక అందరూ అటే పోతారు చూడండి.

నల్లకోటు
మొదటి ప్రశ్నకు జవాబు: తప్పు కాదు. ఒకరి కేసు ఖర్చు మరొకరు భరించడం మన దేశంలో నేరం కాదు. వకీలు మాత్రం తన కక్షిదారు కేసుకు పెట్టుబడి పెట్టి గెలుపులో వాటా తీసుకోకూడదు. వకీలు కాని మూడో మనిషి ఖర్చు పెట్టుకోవడానికి అడ్డంకి ఏదీ కనబడదని 2018లో ఏ.కె. బాలాజీ కేసులో సుప్రీంకోర్టే అంది. విదేశీ న్యాయసంస్థల గురించి వచ్చిన తీర్పు అది, ఈ మాట అందులో నడుమ వస్తుంది.

న్యాయస్థానం తలుపు తట్టడాన్ని దేశద్రోహం అనడం విడ్డూరం. సుప్రీంకోర్టు కూడా ఈ దేశపు సంస్థే కదా. మీ బావగారికి ఈ మాట నా పేరు మీద చెప్పండి.

అయితే చేతికి నగదు ఇవ్వకండి. వకాల్తా మీద సంతకం చేసిన వకీలు ఆఫీసుకు బ్యాంకు ద్వారా పంపి రసీదు తీసుకోండి. నగదు పోగయ్యే చోటికి దళారి కూడా వస్తాడు. శరణార్థుల పేరు చెప్పి ఢిల్లీ వకీలుకు ఇవ్వాలంటూ వసూలు చేసి మాయమైనవాణ్ణి నేనే ఎరుగుదును.

రిటైర్డ్_ఎస్సై
చందా నేరం కాదు, ఒప్పుకుంటాను. ఇప్పుడు అసలు సంగతి. ముప్పై ఏళ్లు ఖాకీ తొడిగాను. అడ్డదారిలో ఆధార్ తీసుకున్నవాళ్లనూ, దాంతో పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టినవాళ్లనూ పట్టుకున్నాను. శరణార్థుల మీద 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు, 1967 ప్రోటోకాల్ మీదా చేయలేదు. శరణార్థి అన్న మాటకు మన చట్టంలో అర్థమే లేదు. 1946 విదేశీయుల చట్టం పోయి 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త వలస, విదేశీయుల చట్టం వచ్చింది. రెండింటిలోనూ తాను విదేశీయుడిని కానని రుజువు చేసుకోవలసింది ఆ మనిషే. అలాంటప్పుడు కోర్టు ఏమి చేస్తుంది? చట్టమే లేనిచోట హక్కు ఎక్కడినుంచి పుడుతుంది?

ఇంకో మాట కూడా. అదే బాలాపూర్‌లో ఇంటి జాగా లేని మనవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల కేసుకు ఎవరైనా ఐదు వందలు వేశారా?

లెక్కల_పంతులమ్మ
@రిటైర్డ్_ఎస్సై నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్. అడిగితే వేస్తాను.

గుంటూరు_ఘాటు
ఆ మాట ఇక్కడ అనకూడదండీ. రేపటికి నా స్థలం కేసు కాగితాలు మీ ఇన్‌బాక్సులో ఉంటాయి.

బర్మాక్యాంపు_మనవడు
మాది విశాఖపట్నం. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అని ఉంది, ఆ పేరు ఎందుకు వచ్చిందో ఈ కాలం పిల్లలకు తెలియదు. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లి రేవులో కూలి చేశాడు. అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. మన కోరంగి రేవు పేరే వాళ్ల నోట తిట్టుగా మారింది. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షల మంది భారతీయులు నడక మొదలుపెట్టారు. మావాళ్లు ప్రోమ్ దాటి, కొండలెక్కి, అరకాన్ తీరానికి చేరి, అక్కడినుంచి పడవలో చిట్టగాంగ్ వచ్చారు. దారిలో కలరా. ముత్తాత చెల్లెలు కొండ దాటలేదు.

ఆ అరకానే నేటి రఖైన్, రోహింగ్యాల ఊళ్లు ఉన్న చోటు. మావాళ్లకు ఆ తీరం మీద ఎవరో గంజి పోశారని మా నాయనమ్మ చెప్పేది. ఎవరు పోశారో, ఏ మతం వాళ్లో ఆమెకు తెలియదు.

యుద్ధం అయ్యాక మా తాత తిరిగి రంగూన్ వెళ్లాడు. 1964 ప్రాంతంలో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు స్వాధీనం చేసుకుంటే ఉత్త చేతులతో మళ్లీ వచ్చాడు. అందుకే ఈ విషయంలో నేను తటస్థంగా ఉండలేను.

రిటైర్డ్_ఎస్సై
@బర్మాక్యాంపు_మనవడు మీ తాతగారి కష్టానికి నమస్కారం. కానీ ఆయన భారతీయుడు, సొంత దేశానికి వచ్చాడు. వీళ్లు వేరే దేశం వాళ్లు. పోలిక అతకదు.

బర్మాక్యాంపు_మనవడు
@రిటైర్డ్_ఎస్సై తాత పుట్టింది రంగూన్‌లో. విశాఖలో దిగేనాటికి ఆయన చేతిలో ఉన్నది ఒక కాగితం ముక్క. అది చూసి ఇక్కడివాళ్లు బర్మావాడు అన్నారు, అక్కడివాళ్లు కోరంగీ అన్నారు. తేడా ఒక్కటే, ఆయనను నావాడు అని చెప్పే ప్రభుత్వం ఒకటి ఉంది. 1982లో బర్మా తెచ్చిన పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలకు ఆ మాట అనేవాళ్లు లేకుండా పోయారు. మీరన్న వేరే దేశం ఏది సార్?

మేడిపండు
పంతులమ్మగారు అడిగిన రెండో ప్రశ్న, మూడో ప్రశ్న గాలికి పోయాయి. నల్లకోటుగారూ, ఫీజు లేదని ఆగిపోయారా?

నల్లకోటు
కోర్టు నుంచి ఇప్పుడే వచ్చాను. కాఫీ అయ్యాక రాస్తున్నాను, నిడివి ఎక్కువైతే భరించండి.

2017 ఆగస్టు 8న కేంద్ర హోంశాఖ అన్ని రాష్ట్రాలకు లేఖ రాసింది, అక్రమంగా ఉన్నవారిని గుర్తించి పంపించమని. దాన్ని ప్రశ్నిస్తూ మొహమ్మద్ సలీముల్లా, మరొకరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ప్రశాంత్ భూషణ్ వాదించారు. కేసు పెండింగులో ఉండగానే 2018 అక్టోబరు 4న అస్సాంలోని సిల్చార్ జైలులో ఉన్న ఏడుగురు రోహింగ్యాలను మణిపూర్‌లోని మోరే సరిహద్దు దగ్గర మయన్మార్‌కు అప్పగించారు. అదే రోజు ఉదయం కోర్టు జోక్యానికి నిరాకరించింది. 2021 మార్చిలో జమ్మూలో నూట యాభై మందికి పైగా పట్టుకుని హీరానగర్ సబ్‌జైలులో పెట్టారు. వాళ్ల విడుదల కోసం వేసిన దరఖాస్తు మీద ఏప్రిల్ 8న జస్టిస్ బోబ్డే ధర్మాసనం ఇచ్చిన ఉత్తర్వే ఈ రోజుకీ అందరి నెత్తిన ఉంది.

అందులో రెండు మాటలున్నాయి. ఒకటి చేదు. రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 21 (ప్రాణం, స్వేచ్ఛ) అధికరణాలు మనుషులందరికీ వర్తిస్తాయి, కానీ పంపివేయకుండా ఉండే హక్కు దేశంలో నివసించే హక్కుతో ముడిపడినది, అది 19(1)(ఇ) కింద పౌరులకే ఉంది అన్నారు. రెండోది చిన్న వాక్యం. నిర్దేశిత పద్ధతి పాటించకుండా వీళ్లను పంపరాదు.

ఎస్సైగారూ, మీరు అడిగిన హక్కు ఎక్కడినుంచి పుడుతుందన్న ప్రశ్నకు జవాబు ఈ రెండో వాక్యంలో ఉంది. 21వ అధికరణంలో పౌరుడు అన్న మాట లేదు, ఏ వ్యక్తినీ అని ఉంది. 1996లో, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన చక్మాల కేసులో సుప్రీంకోర్టు అదే పట్టుకుంది. అరుణాచల్‌లోని సుమారు 65 వేల మంది చక్మాలను విద్యార్థి సంఘం వెళ్లిపొమ్మని గడువు పెడితే, పౌరులైనా కాకపోయినా ప్రాణం కాపాడవలసింది రాష్ట్రమే అన్నారు. 1998లో గుజరాత్ హైకోర్టు ఇరాక్ నుంచి వచ్చినవారి కేసులో, ప్రాణహాని ఉన్న చోటికి వెనక్కి తోయరాదన్న సూత్రం 21లోనే ఇమిడి ఉందంది. 2021 మే నెలలో మణిపూర్ హైకోర్టు కూడా మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన ఏడుగురిని ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ దగ్గరికి వెళ్లనిచ్చింది. చూడండి, సలీముల్లా ఉత్తర్వు వచ్చి నెల కూడా కాలేదు అప్పటికి.

ఒరిగిందేమిటి అన్నారు. కొందరికి ఏమీ ఒరగలేదు. 2022 మార్చిలో జమ్మూ నుంచి ఒక ఆమెను సరిహద్దు దాటించారు. భర్త, ముగ్గురు పిల్లలు ఇక్కడే మిగిలారు. 2025 మే నెలలో కొందరిని అండమాన్ సముద్రంలో దింపేశారన్న ఆరోపణతో వెళితే కోర్టు నమ్మలేదు, మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. మరి పిల్లల బడి సంగతి వేరు. 2025 ఫిబ్రవరిలో, ముందు ప్రభుత్వ బడికి వెళ్లండి, చేర్చుకోకపోతే హైకోర్టుకు రండి అన్నారు. ఆ జూలై 31న కేసులన్నీ కలిపి ప్రశ్నలు విడగొట్టారు. వీళ్లు శరణార్థులా, అక్రమంగా వచ్చినవారా? అక్రమమైతే ఎంతకాలమైనా నిర్బంధించవచ్చా, బెయిల్ ఇవ్వాలా? శిబిరాల్లో నీళ్లు, మరుగుదొడ్లు, చదువు ఉన్నాయా? నన్నడిగితే బెయిల్ ప్రశ్న, శిబిరాల ప్రశ్న దగ్గరే మన పని ఉంది.

ఇక నా భయం. సరిగ్గా తయారుకాని కేసు వేయడం కన్నా వేయకపోవడం మేలు. ఓడిన కేసు ఓడినవాడితో పోదు, వెనకవచ్చే వందమందికీ చుట్టుకుంటుంది. 2021 ఉత్తర్వు అలాగే చుట్టుకుంది. ప్రతి బస్తీ విడిగా ఒక దరఖాస్తు ఢిల్లీకి పంపితే లాభమా నష్టమా అన్నది ఆ తండ్రి వేసుకోవలసిన ప్రశ్న.

శాలిబండ
చాలా రోజుల తర్వాత ఇక్కడ పూర్తిగా చదివిన పోస్టు. కాఫీ ఎక్కడిది?

చలిలో_క్రాయిడన్
నల్లకోటుగారి చివరి మాటతో సగమే ఏకీభవిస్తాను. ఇక్కడ బ్రిటన్‌లో రువాండా కేసు మొదటినుంచీ చూసినదాన్ని. ఇంగ్లిష్ చానల్ దాటి వచ్చిన శరణార్థులను 6,500 కిలోమీటర్ల అవతల రువాండాకు పంపి, దరఖాస్తు అక్కడే చూడాలన్నది పథకం. 2022 జూన్ 14 రాత్రి విమానం సిద్ధంగా ఉంది. స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు తాత్కాలిక ఆదేశంతో ఆఖరి గంటల్లో ఆగింది.

ఆ డిసెంబరులో లండన్ హైకోర్టు పథకం చట్టబద్ధమే అంది. అంటే ఓడిపోయారు. అక్కడే ఆపి ఉంటే నల్లకోటుగారన్నట్టు అందరికీ చుట్టుకునేది. ఆపలేదు. 2023 జూన్‌లో అప్పీలు కోర్టులో ఇద్దరు జడ్జీలు చెల్లదన్నారు, ఒకరు చెల్లుతుందన్నారు. నవంబరు 15న సుప్రీంకోర్టు ఐదుగురూ ఏకగ్రీవంగా చెల్లదన్నారు. రువాండా వ్యవస్థలో అఫ్గానిస్తాన్, సిరియా, యెమెన్ వాళ్ల దరఖాస్తులు నూటికి నూరూ తిరస్కరించారని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్క చూపింది. కేసును గెలిపించింది ఆ లెక్కలే, వక్తృత్వం కాదు. లెక్కల పంతులమ్మగారు గమనించాలి.

ఇంకో విచిత్రం. మొదట కోర్టుకు వెళ్లినవాళ్లలో ఫ్రాన్స్ రేవు పట్టణం కాలేలో దుప్పట్లు పంచే స్వచ్ఛంద సంస్థతో పాటు సరిహద్దు సిబ్బంది ఉన్న ఉద్యోగ సంఘం కూడా ఉంది. ఈ పని మా సభ్యుల చేత చేయించకండి అన్నారు వాళ్లు. ఎస్సైగారు దీనికి ఏమంటారో?

రిటైర్డ్_ఎస్సై
మా కాలంలో సంఘమే లేదమ్మా, కోర్టు దాకా ఎక్కడ.

తేలని_లెక్క
@చలిలో_క్రాయిడన్ గెలిచి ఏమి లాభం? 2024 ఏప్రిల్‌లో రువాండా సురక్షిత దేశమే అని పార్లమెంటు చట్టం చేసేసింది కదా. కోర్టు లేదంటే చట్టం ఉందంటుంది. ఆట అయిపోయింది.

చలిలో_క్రాయిడన్
అయిపోలేదు. చట్టం చేయడానికే ఐదు నెలలు పట్టింది, ఈలోగా ఎన్నికలు వచ్చాయి, కొత్త ప్రభుత్వం జూలైలో పథకం ఎత్తేసింది. దాదాపు 70 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయని హోంమంత్రి సభలో చెప్పారు. వెళ్లినవాళ్లు నలుగురు, వాళ్లూ తమంతట తాము ఒప్పుకుని వెళ్లినవాళ్లే. కోర్టు కేసు చాలాసార్లు అంతిమ విజయం తేదు, కాలం తెస్తుంది. విమానం ఎక్కవలసిన మనిషికి ఆ కాలమే బతుకు.

మేడిపండు
70 కోట్ల పౌండ్లకు నలుగురు. మా ఊరి పెళ్లిళ్ల బ్రోకరు కూడా ఇంత తీసుకోడు.

డాలస్_దోసె
చదివాక మనసు ఊరుకోలేదు. నేనొక 200 డాలర్లు పంపుతాను, ఆ వకీలు ఆఫీసు ఖాతా నంబరు ఎవరైనా ఇవ్వండి. ఇక్కడ వలస కోర్టులో ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వరు. మూడేళ్ల పిల్లకైనా అంతే, సొంతంగా తెచ్చుకోవాలి. 2025 జూలై నుంచి ఆశ్రయం దరఖాస్తుకే వంద డాలర్ల రుసుము పెట్టారు, అంతకు ముందు ఉండేది కాదు. కాబట్టి డబ్బు విలువ నాకు తెలుసు.

నల్లకోటు
@డాలస్_దోసె ఆగండి! మీ పాస్‌పోర్టు ఏ దేశానిది?

డాలస్_దోసె
అమెరికాది. భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉంది.

నల్లకోటు
అయితే పంపకండి. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద మీరు విదేశీ వనరు. ఓసీఐ ఉన్నా అంతే. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేని సంస్థ ఖాతాలో మీ 200 డాలర్లు పడితే, ఆ సంస్థనే మూయించడానికి అది చాలు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. మంచి మనసుతో పంపిన డబ్బు కేసును ముంచిన సందర్భాలుంటాయి. ఖాతా నంబర్లు కూడా ఇక్కడ ఎవరూ పెట్టకండి.

డాలస్_దోసె
సరే. అయితే ఇక్కడే ఒక న్యాయసహాయ సంస్థకు ఇస్తాను. ఇరవై ఏళ్లు పప్పుచారు తిన్నా విదేశీ వనరునే అన్నమాట.

గుంటూరు_ఘాటు
డాలస్‌లో పప్పుచారు ఎవరు తినమన్నారు, దోసె తినండి.

కాగజ్‌నగర్_బండి
శరణార్థులు మనకు కొత్తేమీ కాదు. మా కాగజ్‌నగర్ పక్కన నజ్రుల్‌నగర్ ఉంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లకు ప్రభుత్వమే భూమి చూపించి కూర్చోబెట్టింది. వాళ్ల మనవలు నాతో తెలుగు మీడియంలో చదివారు. దుర్గాపూజకు మేము వెళతాం, బతుకమ్మకు వాళ్లు వస్తారు. ప్రభుత్వం తలుచుకుంటే జరుగుతుందని చెప్పడానికి రాస్తున్నాను, కేసుల గురించి నాకు తెలియదు.

తేలని_లెక్క
అక్కడే ఉంది కిటుకు, ఎవరిని తలుచుకుంటుంది అన్నది. పౌరసత్వ సవరణ చట్టంలో మూడు దేశాలు, ఆరు మతాలు రాశారు. మయన్మార్ లేదు. కొత్త విదేశీయుల చట్టం అమలైన రోజే ఇచ్చిన మినహాయింపు ఉత్తర్వులో 2015 జనవరి 9కి ముందు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులను శిక్షల నుంచి తప్పించారు. మంచిదే. మరి అదే దయ వీళ్లకు ఎందుకు లేదు? సవాలు చేస్తే 14వ అధికరణం కింద ఇది చేయాలి.

నిప్పుకణిక
వచ్చేశారు! ఇక అసలు రంగు బయటపడుతుంది. మీకు ఒక మతం వాళ్లంటేనే

అరుగు_పెద్ద
నిప్పుకణికగారి పోస్టులో సగం తీసేశాను. మిగతా సగం ఆయన ఆలోచించుకోవడానికి వదిలాను. పౌరసత్వ చట్టానికి వేరే చర్చ ఉంది, 412 పోస్టులతో ఇప్పటికే మండుతోంది, అక్కడికి వెళ్లి చలి కాచుకోండి.

ఎల్ఎల్‌బీ_మూడో_ఏడు
మా కాలేజీ న్యాయసహాయ కేంద్రం తరఫున ఆ బస్తీలకు రెండేళ్లుగా వెళుతున్నాను. డబ్బు గురించే అందరూ మాట్లాడుతున్నారు. అక్కడ నేను చూసిన కొరత డబ్బు కాదు.

అఫిడవిట్ ఇంగ్లీషులో ఉండాలి. చెప్పేవాడు రోహింగ్యా భాషలో చెబుతాడు. అది చిట్టగాంగ్ మాటకు దగ్గర, మనకు ముక్క అర్థం కాదు. వాళ్లలో ఉర్దూ వచ్చిన కుర్రవాడు ఉర్దూలో చెబుతాడు, నేను ఇంగ్లీషులో రాస్తాను. మూడు చేతులు మారేసరికి పినతండ్రి తండ్రి అవుతాడు, కాలిన ఊరు పక్క ఊరవుతుంది. అన్నిటికన్నా పెద్ద తంటా తేదీలు. వాళ్లు వరికోతలు, వానలు, రంజాన్ నెలతో కాలం చెబుతారు. శరణార్థి సంస్థ ఇంటర్వ్యూలో 2012 అని, పోలీసు కాగితంలో 2013 అని, అఫిడవిట్‌లో 2014 అని ఉంటే అవతలి వకీలు లేచి మనిషి అబద్ధాలకోరు అంటాడు. అబద్ధం ఏమీ లేదు, ముగ్గురు రాతగాళ్లు ముగ్గురు తీరుగా ఊహించారు, అంతే.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్‌లో ఉచిత సహాయానికి అర్హులెవరో రాశారు. స్త్రీలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవారు ఆ జాబితాలో ఉన్నారు. పౌరుడై ఉండాలని లేదు. 15100కు ఫోను చేస్తే చాలు. ఆ సంగతి బస్తీలో పదిమందికి తెలిసి ఉంటే గొప్ప. ఐదు వందలు వేసుకునే ముందు ఇది అడగాలి కదా.

నల్లకోటు
@ఎల్ఎల్‌బీ_మూడో_ఏడు చదువు అయ్యాక మా ఆఫీసుకు రండి. జీతం తక్కువ, కాఫీ బాగుంటుంది.

శాలిబండ
ఇప్పుడు తెలిసింది కాఫీ ఎక్కడిదో.

రిటైర్డ్_ఎస్సై
నా అభిప్రాయం మారలేదు. దేశానికి సరిహద్దు ఉండాలి, వచ్చినవాడెవడో తెలియాలి. ఒక శరణార్థి చట్టం ఉంటే పోలీసుకూ సుఖమే. 2015లో శశి థరూర్ లోక్‌సభలో ఆశ్రయం బిల్లు ఒకటి పెట్టారు, ప్రైవేటు బిల్లు కాబట్టి ఎటూ కదలలేదు. చట్టం లేనందువల్లే ఠాణాలో ఉన్న కానిస్టేబుల్ ఒక్కడు తీర్పరి అవుతాడు. అది నాకు ఇష్టం లేదు.

పంతులమ్మా, మీరు ఎలాగూ సాయం చేసేలా ఉన్నారు కాబట్టి ఒక పోలీసువాడి సలహా వినండి. ఆ కుటుంబానికి ఎవరైనా ఆధార్ ఇప్పిస్తామంటే తీసుకోవద్దని గట్టిగా చెప్పండి. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్డు ఉన్నవాడి మీద కేసు ఒక రకం, అబద్ధం చెప్పి ఆధార్ తీసుకున్నవాడి మీద కేసు ఇంకో రకం. రెండోదానిలో వకీలు కూడా ఏమీ చేయలేడు. కార్డు గడువు తీరకముందే పునరుద్ధరించుకోమనండి. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వవద్దు, నకళ్లు ఇవ్వాలి.

బర్మాక్యాంపు_మనవడు
@రిటైర్డ్_ఎస్సై మీతో పోట్లాడదామని నాలుగు పేరాలు రాసి పెట్టుకున్నాను. చెరిపేస్తున్నాను.

రిటైర్డ్_ఎస్సై
దాచుకోండి, పనికొస్తాయి.

లెక్కల_పంతులమ్మ
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. పరీక్ష పేపర్లు దిద్దుకునే పని పడింది.

ఆ తండ్రిని, బస్తీలో చందా పోగుచేస్తున్న ఇద్దరిని కూర్చోబెట్టి నల్లకోటుగారి ప్రశ్న అడిగాను. దరఖాస్తు ఎవరు రాస్తున్నారు, వకాల్తా ఎవరిది? వాళ్ల దగ్గర ఒక ఫోను నంబరు ఉంది, పేరు ఉంది, కాగితం లేదు. ఎల్ఎల్‌బీ అబ్బాయి సాయంతో ఇక్కడి న్యాయసేవల వకీలు ఒకరు దొరికారు. ఆమె చెప్పిందేమిటంటే ఢిల్లీలో ఇప్పటికే పిటిషన్లు ఉన్నాయి, ఇంకొకటి కలిపితే ప్రయోజనం తక్కువ. మన దగ్గర ఎవరినైనా పట్టుకుపోతే అప్పటికప్పుడు హైకోర్టులో వేయడానికి ఒక్కో కుటుంబానికీ కాగితాల కట్ట సిద్ధంగా ఉండాలి. వచ్చిన చందా వెనక్కి ఇచ్చేశారు. నలుగురు తీసుకోలేదు, ఫొటోస్టాట్ ఖర్చుకు ఉంచమన్నారు.

నేను డబ్బు ఇవ్వలేదు. నాకు పడిన పని తేదీలు. మొన్న ఆదివారం నుంచి ఒక్కో కుటుంబానికీ పట్టిక వేస్తున్నాను. ఎడమవైపు వాళ్లు చెప్పిన గుర్తు, కుడివైపు తేదీ. "ఇల్లు మునిగిన ఏడు" అంటే 2020 అక్టోబరు వరదలు, అది తేలిక. "మేము వచ్చిన ఏడు రంజాన్ మండుటెండల తర్వాత, వానలు మొదలయ్యాక వచ్చింది" అంటే కొంచెం కుస్తీ. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగానే వస్తుంది కాబట్టి వెనక్కి లెక్కగట్టాలి. పదిహేడో ఎక్కం వచ్చిన మా వాడు పక్కన కూర్చుని వాళ్ల నాన్న మాట నాకు తెలుగులో చెబుతున్నాడు. మూడు చేతులు రెండయ్యాయి. మొదటి కుటుంబంలోనే కార్డులో ఉన్న ఏడుకూ వాళ్ల గుర్తుకూ ఏడాది తేడా వచ్చింది. వకీలు మేడం దాన్ని ముందే వివరణతో రాయించారు.

ఎల్ఎల్‌బీ_మూడో_ఏడు
పట్టిక నమూనా ఒకటి పంపగలరా మేడం? పేర్లు తీసేసి. మిగతా బస్తీలకు పనికొస్తుంది.

లెక్కల_పంతులమ్మ
ఈ రాత్రి పంపుతాను. రంజాన్ వరుస ఒకసారి సరిచూడండి, 2012 దగ్గర నాకే అనుమానంగా ఉంది.

గుంటూరు_ఘాటు
బావగారికి చెప్పారా?

లెక్కల_పంతులమ్మ
ఆదివారం భోజనానికి వస్తున్నారు. డైనింగ్ టేబుల్ నిండా ఈ కాగితాలే ఉన్నాయి, మా ఆయన తీయవద్దంటున్నారు.